మా ఆయన మాటకి కవరేజీ

మా ఆయనకి పక్షవాతం వచ్చి మాట పోయిందని ఆస్పత్రిలో డాక్టరు చెప్పినప్పుడు మా మరిది నా పక్కనే ఉన్నాడు. డాక్టరు అటు వెళ్ళగానే నా చెవిలో, "పోవడానికి అన్నయ్యకి అసలు మాటెప్పుడుంది వదినా?" అన్నాడు. ఏడుస్తున్నదాన్ని ఏడుస్తూనే నవ్వాను. నర్సు నన్ను ఎగాదిగా చూసింది.

వాడన్నదాంట్లో అబద్ధం లేదు. మా ఆయన లిఫ్టు మెకానిక్కు. ఉద్యోగమంతా మేడల మీది చిన్న గదుల్లో మోటార్లతోనూ, లిఫ్టు దిగే చీకటి గుంటల్లో తీగలతోనూ గడిపిన మనిషి. ఇంటికొచ్చినా అదే తీరు. అందుకని ఆయన మాట్లాడాల్సినవి కూడా ఏళ్ళ తరబడి నేనే మాట్లాడుతూ వచ్చాను. చుట్టాలు ఫోను చేసి "బావగారు ఎలా ఉన్నారు?" అంటే, ఆయన పక్కనే కూర్చుని ఉన్నా "బావున్నారు, మోకాలే కొంచెం నొప్పి" అని నేనే చెప్పేదాన్ని. ప్యాంటు ఎంత వదులుగా ఉండాలో టైలరుకి చెప్పేదీ నేనే. ఆయనకి బిగుతు ఇష్టమో వదులు ఇష్టమో ఎప్పుడూ అడిగిన గుర్తు లేదు. ఇద్దరికీ కలిపి ఒక నోరు సరిపోయింది, కాపురం సాఫీగా నడిచింది.

నిజంగా మాట పోయాక మాత్రం ఆ పొందిక పనికిరాలేదు. ఆయనకి అన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. తువ్వాలు కావాలంటే "తాళం" అంటారు. అది తప్పని ఆయనకే తెలుస్తుంది. మొహం ఎర్రబడుతుంది, గోడవైపు తిరిగి పడుకుంటారు. ఆ వీపు చూడటం నావల్ల అయ్యేది కాదు.

ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద ఆయనకి స్పీచ్ థెరపీ దొరికింది. సొంతంగా పెట్టించుకోవడమంటే నా ట్యూషన్ల మీద అయ్యే పని కాదు. థెరపిస్టు చిన్నపిల్ల. మా ఇంట్లో ఆ అమ్మాయికి 'మాటల పిల్ల' అని పేరు పడిపోయింది. ఆమె గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడకి నిలువుటద్దం. బల్ల మీద బొమ్మల అట్టలు పెట్టుకుని ఒక్కొక్కటీ ఎత్తి చూపించేది.

"అంకుల్, ఇదేంటి?"

మా ఆయన బొమ్మని చూసేవారు. పెదవులు కదిలేవి.

"గొడుగు" అనేదాన్ని నేను.

"ఆంటీ, నేను అడిగింది అంకుల్ని."

"తెలుసమ్మా. ఆయన కూడా అదే అనబోతున్నారు."

"అయితే ఆయన్నే అననివ్వండి."

తలూపేదాన్ని. తరవాతి బొమ్మ ఇస్త్రీపెట్టె. పెదాలు బిగించి కూర్చునేదాన్ని. ఆయన తంటాలు పడుతుంటే ఎవరో నా పీక నొక్కుతున్నట్టుండేది. "చీరలకి చేస్తామండీ, పొద్దున నేను చేశాను చూడండి, వేడిగా..." అని అందించేదాన్ని. అది చెప్పెయ్యడం కిందికి రాదు, సాయం కిందికి వస్తుందని నా వాదన.

అలాంటి ఒక రోజునే మాటల పిల్ల చట్టం సంగతి ఎత్తింది. "ఆంటీ, అసెంబ్లీలో బిల్లు పాసైంది. థెరపీ రూలు మారింది, ఇకనుంచి..." అంటూ ఏదో చెప్పుకుపోయింది. అప్పుడు నేనేం చేస్తున్నాను? ఆయన చొక్కా గుండీ పెడుతూ, బయట ఎండ మండిపోతోందని, ఆటో అతను కసురుకున్నాడని, ఈయనకి ఆకలి మందగించిందని ఆ పిల్లకి చెబుతున్నాను. ఆమె మాటలూ నా మాటలూ ఒకేసారి నడిచాయి. నావి నాకు బాగా వినిపించాయి. "మంచిదేనమ్మా, మంచిదే" అని వచ్చేశాను.

ఆ బిల్లు మీద టీవీలో పెద్ద రభసే జరిగింది. నేను చూడకపోలేదు. ముందుగదిలో ట్యూషన్ పిల్లలు లెక్కలు చేసుకుంటుంటే టీవీ గొంతు పూర్తిగా తగ్గించి బొమ్మ మాత్రం చూశాను. శాసనసభ్యులు లేస్తున్నారు, కూర్చుంటున్నారు, ఒకాయన కాగితాలు ఊపుతూ నోరు తెరిచి మూస్తున్నాడు. గొంతు లేకుండా చూస్తే వాళ్ళంతా మా ఆయనలాగే కనిపించారు. ఛానలు మార్చేశాను.

కాబట్టి నా బుర్రలో మిగిలింది పాత రూలు ఒక్కటే. అది మొదటి రోజు బీమా ఆఫీసులో చెప్పారు: మనిషిలో మెరుగుదల కనిపించినంత కాలమే థెరపీకి కవరేజీ. మెరుగుదల ఆగితే థెరపీ ఆపేస్తారు. అందుకే ఆ ఆఫీసు నుంచి ఫోను చేసి, "పేషెంటుని చూడ్డానికి మా అధికారి ఇంటికొస్తారు" అనగానే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయనకి మెరుగుదల ఉందా అంటే ఉంది. కొత్తవాళ్ళకి కనిపించేటంత లేదు. పొద్దున సరిగ్గా పలికిన "నీళ్ళు" సాయంత్రానికి మళ్ళీ దారి తప్పుతుంది.

అప్పుడు నాలోని టీచరమ్మ నిద్రలేచింది.

ఎంత మొద్దు పిల్లల్నయినా గట్టెక్కిస్తానని మా వీధిలో నాకు పేరు. ఎలా గట్టెక్కిస్తానో ఎవరూ అడగలేదు కనక నేనూ చెప్పలేదు. పరీక్షలో రాబోయే ప్రశ్నలు పసిగట్టడం, జవాబులు బట్టీ కొట్టించడం, అంతే. అర్థం చేసుకోవడం తరవాత తీరిగ్గా, పై క్లాసులో, వేరే టీచరు దగ్గర.

అదే వైద్యం మా ఆయనకీ మొదలుపెట్టాను. వచ్చే అధికారి ఏమడుగుతారు? పేరు. చేసిన ఉద్యోగం. పొద్దున ఏం తిన్నారు. ఆరోగ్యం ఎలా ఉంది. జవాబులన్నీ పాటలాగా ఒకే వరసలో నేర్పాను. గడ్డం గీస్తూ, కాళ్ళకి నూనె రాస్తూ, వసారాలో నడిపిస్తూ చెప్పించాను. విడిగా ఒక్క మాట రాని మనిషికి వరసలో వల్లిస్తే మాటలు రాసాగాయి. మాటల పిల్ల ఇన్నాళ్ళూ చేయలేనిది నేను చేశానని మురిసిపోయాను కూడా.

మా మరిది వచ్చి కాసేపు చూశాడు. "వదినా, ఇది అన్నయ్య మాట్లాడుతున్నట్టు లేదు. నువ్వు మాట్లాడుతుంటే అన్నయ్య పెదాలు ఆడిస్తున్నట్టుంది."

"నువ్వూరుకో. థెరపీ ఆగిపోతే నువ్వొచ్చి చెబుతావా?"

"నేనెందుకు, ఇద్దరికీ నీ గొంతు చాలుగా."

ఆయన మా ఇద్దరి వంకా చూసి ఏదో అనబోయారు. "ఏవండీ, మళ్ళీ మొదటినుంచి" అన్నాను నేను.

బీమా అధికారి మధ్యాహ్నం వచ్చింది. నా వయసే ఉంటుంది. మెడలో గుర్తింపు కార్డు, చంకలో ఫైలు, ఎండకి కందిన మొహం. మంచినీళ్ళు తాగి, మా ఆయన ఎదురుగా కుర్చీ జరుపుకుంది. నేను ఆయన వెనక నిలబడ్డాను.

"నమస్కారమండీ. మీ పేరు చెబుతారా?"

ఇంటిపేరుతో సహా చెప్పారు.

"ఏం ఉద్యోగం చేసేవారు?"

"లిఫ్టు మెకానిక్కుగా చేశానండీ."

"పొద్దున టిఫినేం చేశారు?"

"రొట్టె తిని పాలు తాగానండీ."

నిజానికి ఆ పొద్దున కంగారులో ఆయన అరటిపండు తప్ప ఏమీ ముట్టలేదు. కానీ జవాబులో రొట్టే ఉంది.

"ఆరోగ్యం ఎలా ఉంది?"

"చాలా మెరుగ్గా ఉందండీ. అంతా థెరపీ వల్లేనండీ."

అక్షరం పొల్లు పోలేదు. నాకు ఒళ్ళు పొంగిపోయింది, ఆయన భుజం తట్టాను. చాలాకాలానికి ఆయన కూడా ఛాతీ విరుచుకుని కూర్చున్నారు.

ఆవిడ కళ్ళజోడు తీసి హాయిగా నవ్వింది. "ఎంత బాగా కోలుకున్నారండీ. ఈ మధ్య ఇంత స్పష్టంగా మాట్లాడిన వాళ్ళని చూడలేదు నేను. ఇంకేం, ఈ నెలతో థెరపీ ఆపేయొచ్చు. అలాగే రాస్తాను."

"ఆపేయడమేంటి మేడమ్? మెరుగుదల కనిపించింది కదా? కనిపిస్తేనే కదా కొనసాగిస్తారు?"

"అది పాత చట్టమమ్మా. అసెంబ్లీలో మార్చారుగా, టీవీలో చూడలేదా?"

"చూశాను" అన్నాను.

"ఇప్పుడు మేం చూసేది అవసరం. మెరుగుదల లేకపోయినా సరే, ఉన్న మాట పోకుండా నిలబెట్టడానికి కూడా థెరపీ ఇవ్వొచ్చు. అవసరం ఉన్నంత కాలం ఇస్తారు. మీవారికి అవసరం తీరిపోయింది. మీరు సంతోషించాలి."

ప్రశ్న సరిగ్గా చదువుకోండర్రా అని రోజూ పిల్లల చెవులు మెలేసేదాన్ని, సిలబసు మారిన సంగతే నాకు తెలియలేదు. పాసైతే ఇంటికి పంపేసి ఫెయిలైతే సీటిచ్చే పరీక్ష ఒకటి ఉంటుందని కలగన్నానా.

"మేడమ్, ఆయనకి మాట రాదు."

"ఇప్పుడేగా మాట్లాడారు."

"అది నేను బట్టీ పట్టించాను."

ఆవిడ నవ్వు పోయింది. "చూడండమ్మా, మొన్నటిదాకా ఏ ఇంటికెళ్ళినా రాని మాట వచ్చిందనేవాళ్ళు. చట్టం మారాక వచ్చిన మాట రాలేదంటున్నారు. నేను ఎవర్ని నమ్మాలి?"

"వేరే ఏదైనా అడిగి చూడండి మేడమ్."

ఆవిడ మా ఆయన వైపు తిరిగింది. "ఆ కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చెబుతారా?"

ఎదురింటి మేడ మీద ఎవరో పరుపు ఎండేస్తున్నారు. ఆయన చూశారు. నోరు తెరిచారు. కింది పెదవి వణికింది. చివరికి నా వంక ఒకసారి తిరిగి చూసి, "చాలా మెరుగ్గా ఉందండీ" అన్నారు. "అంతా థెరపీ వల్లేనండీ."

"చూశారా మేడమ్" అన్నాను, మొదటి ర్యాంకు వచ్చిన పిల్లాడి తల్లిలాగా.

అన్నాక ఆయన మొహం చూశాను. విరుచుకున్న ఛాతీ లోపలికి పోయింది. ఇన్ని రోజులు ఆయన పరువు నిలబెడదామని కష్టపడిన దాన్ని, ఇప్పుడు అది తియ్యడానికి సాక్ష్యం చూపించి మరీ సంబరపడుతున్నాను.

"మీరు వెనకనుంచి సైగ చేశారా?" అంది ఆవిడ.

"లేదు మేడమ్. పరుపు అనాలని ఆయనకి తెలుసు. పరుపు, మేడ, ఎండ, అన్నీ తెలుసు. నోటిదాకా వచ్చి..."

"అమ్మా, మీరు కాసేపు వంటింట్లోకి వెళ్తారా?"

వెళ్ళాను. తలుపు చేరవేశాను గానీ పూర్తిగా వెయ్యలేదు. ముందుగదిలో చప్పుడు లేదు. అందులోకి దూకి ఏదో ఒకటి అందించాలని ప్రాణం గిలగిల్లాడింది. చేతికందిన చెంచా నోట్లో పెట్టుకుని కొరికి పట్టుకున్నాను. నన్ను నేను ఆపుకోవడానికి ఇంకో దారి దొరకలేదు.

"తొందరేం లేదండీ" అంటోంది ఆవిడ. "మీకు ఈ క్లాసులు ఇంకా కావాలా?"

ఎంతసేపటికో, "కా... కావాలి."

"ఎందుకు?"

ఈ ప్రశ్న నేను చెప్పించలేదు. నన్నడిగితే ఊపిరి తీసుకోకుండా బోలెడు కారణాలు చెప్పేదాన్ని. చెంచా ఇంకా గట్టిగా కొరికాను.

"అక్కడ..." అన్నారాయన. ఆగారు. "అక్కడ... ఆ పిల్ల... ఆగుతుంది."

"మీరు చెప్పేదాకా ఆగుతుందా?"

"ఆ."

"మరి ఇంట్లో?"

కుర్చీ కిర్రుమంది. "ఇంట్లో... అయిపోతుంది. నాది... ఆవిడే..." మాట కోసం వెతుక్కున్నారు. "ముందే."

ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది. దాని వెనకే ఇంకో నవ్వు, బొంగురుగా, కొంచెం దగ్గుతో కలిసి. మా ఆయనది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ నవ్వు వినలేదు నేను. ఇన్నాళ్ళకి నవ్వారని సంతోషించాలా, నా గురించే నవ్వారని ఉడుక్కోవాలా అని తేల్చుకోలేక, చెంచాతోనే నిలబడిపోయాను.

"రండమ్మా" అని పిలిచింది ఆవిడ. "థెరపీ కొనసాగించమని రాస్తున్నాను. ఆయనకి అవసరం ఉంది."

"చాలా సంతోషం మేడమ్, నేను మొదటినుంచీ..."

"ఇంకోటి కూడా రాస్తున్నాను. ఇంట్లోవాళ్ళకి శిక్షణ అని కొత్త చట్టంలో ఒక సెక్షను పెట్టారు. అది కూడా కవరేజీలోకే వస్తుంది. మీ పేరు రాశాను."

"నాకెందుకు మేడమ్? నాకు మాటలు వచ్చుగా."

"అందుకే" అంది ఆవిడ, ఫైలు మూసేస్తూ.

ఈ కబురు తెలిసి మా మరిది ఫోనులోనే దండం పెట్టాడు. "నిన్ను మాట్లాడకుండా కూర్చోబెట్టాలంటే అసెంబ్లీలో మెజారిటీ కావాల్సి వచ్చిందా వదినా. మేమంతా ఎన్నాళ్ళు ప్రయత్నించామో." నేను తిరిగి అనడానికి నోరు తెరిచేలోపు పెట్టేశాడు. వాడికి శిక్షణ అవసరం లేదు.

నా మొదటి క్లాసుకి మాటల పిల్ల కుర్చీలు మార్చింది. మా ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తను పక్కకి జరిగింది.

"ఆంటీ, ఈవేళ అంకుల్ మీకు ఒకటి చెబుతారు. ఏం చెబుతారో నాకూ తెలీదు. ఆయన పూర్తిచేసేదాకా మీరు మాట్లాడకూడదు. తల కూడా ఊపకూడదు."

"పోనీ చెయ్యి పట్టుకోవచ్చా?"

"వద్దు. నొక్కి అందించేస్తారు."

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. ఆయన నా వంక చూశారు. నుదుటి మీద నరం ఉబ్బింది.

"ఫ్యా..." అన్నారు.

ఫ్యాను. ఇంకేముంది, నాకు అర్థమైపోయింది. ఉక్కపోస్తోంది, పెంచమంటున్నారు. నేను అప్పటికే సగం లేచాను. మాటల పిల్ల కళ్ళతోనే నన్ను మళ్ళీ కూర్చోబెట్టింది.

"రాత్రి... ఫ్యాను." చాలాసేపు ఏమీ లేదు. నేను కుర్చీ అంచు గట్టిగా పట్టుకున్నాను. "వద్దు" అన్నారు. "చలి."

ఆస్పత్రి నుంచి వచ్చింది మొదలు, రోజూ పడుకోబోయే ముందు ఫ్యాను చివరిదాకా తిప్పి, "ఉక్కగా ఉంది కదండీ, ఇప్పుడు హాయిగా ఉందా? ఆ, హాయిగానే ఉంటుంది" అని నేనే అడిగి, నేనే చెప్పుకుని, నిశ్చింతగా నిద్రపోతున్నాను. ఆయన దుప్పటి తలదాకా లాక్కుంటే వీధిదీపం కళ్ళలో పడుతోందేమో అనుకుని కిటికీకి మందపాటి తెర కూడా కుట్టించాను.

నా దగ్గర సంజాయిషీ సిద్ధంగా ఉంది. గాలి బాగా తగలాలని డాక్టరు అన్నాడని, దోమలని, తెర కట్టాక గది మరీ ఉడికిపోతోందని, పెద్దదే.

"ఇప్పుడు మీ వంతు ఆంటీ" అంది మాటల పిల్ల. "ఒక్క మాటలో."

ఆ ఒక్క మాట దొరకడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆయన కదల్లేదు, తొందరపెట్టలేదు. నా మొహంలోకే చూస్తూ కూర్చున్నారు.

"కట్టేస్తాను" అన్నాను.