నడిమిలో ఆగిన నది

మోకాళ్ల మీద కూర్చుని భర్త చేతుల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తోంది తిపిలీరె. భోజనానికి ముందొకసారి, తరువాత ఒకసారి, ఈ ఇంట ఇది కోడలి పని. చాలు అనడానికి లింబాని నోరు మెదపడు, చూపుడువేలు కొద్దిగా ఎత్తుతాడు. చెంబు ఆగుతుంది. పెళ్లయిన నాటి నుంచి ఆమె మాట కూడా ఆ వేలి దగ్గరే ఆగుతోంది.

బయట బ్లాంటైర్ నగరపు కొండల మీద వాన. రేకుల కప్పు మీద పడే ప్రతి చినుకూ ఆమె గుండెలో పడుతోంది.

అత్తగారు మొక్కజొన్న పిండితో వండిన న్సీమ ముద్దను చేపల పులుసులో అద్ది ముఖం చిట్లించింది. "ఉప్పు మరిచావేమిటే? ఆఫీసులో కంప్యూటరుకి వేసొచ్చావా?"

లింబాని నవ్వాడు. "ఈవిడ రాసిన ప్రోగ్రాము చూడాలమ్మా. గడియ పెట్టానా లేదా అని ముమ్మారు లేచి చూసుకునే ముసలమ్మలా ఉంటుంది. నిన్న నేనే కూర్చుని శుభ్రం చేశాను."

ఆ శుభ్రమే ఇప్పుడు ఆమెను వణికిస్తోంది. షీరే నది ఎగువన ఉన్న కొలమాని, వాళ్లిద్దరూ పనిచేసే వరద హెచ్చరికల ఆఫీసుకు నీటిమట్టాలను ఫైలుగా పంపుతుంది. అందులో అక్షరాలుండవు, వట్టి బైట్లే, అంటే అంకెలే. తిపిలీరె సి భాషలో రాసిన ప్రోగ్రాము వాటిని కంప్యూటరు జ్ఞాపకంలో కేటాయించిన ఖాళీ చోటులోకి, బఫరులోకి, చదువుకుని, తెర మీద నదిని గీస్తుంది. ఫైలును బైనరీగా, అంటే వట్టి అంకెలుగా, తెరవమని చెప్పే ఒక్క అక్షరం అలంకారమని లింబాని తీసేశాడు. ఎన్ని బైట్లు వచ్చాయో సరిచూసే వరుస పిరికితనమని తీసేశాడు. ఆ అక్షరం లేకపోతే ఆఫీసు యంత్రం ఫైలును మామూలు రాతగా చదువుతుంది. ఇరవై ఆరు విలువ గల బైటు ఎదురైతే, రాత ముగిసిందనే పాత గుర్తుగా భావించి ఆగిపోతుంది. నీరు పెరిగి పెరిగి ఈ మధ్యాహ్నం ఆ విలువను తాకింది. చదవడం అక్కడే ఆగింది. ఆపైన బఫరులో మిగిలి ఉన్నవి నిన్నటి అంకెలు. తెర మీద నది ప్రశాంతంగా పారుతూనే ఉంది.

ఏ నదీ అంకె తప్పకుండా నిన్నటిలా పారదు. ఇంటికి బయలుదేరే వేళ అది కంటబడి, తన ప్రోగ్రాము పాత ప్రతితో ఫైలు మళ్లీ చదివింది. నీరు నిచ్చెనెక్కినట్టు పెరుగుతోంది. తెల్లవారేలోగా పల్లపు ఊళ్లను చేరుతుంది. వాటిలో ఒకదానిలో ఆమె అక్క ఉంది. హెచ్చరిక పంపాలంటే విభాగాధిపతి అనుమతి కావాలి. విభాగాధిపతి లింబాని.

కారులో "ఆ ఫైలు సగమే..." అనగానే స్టీరింగు మీద వేలు లేచింది. "ఇంటికి ఆఫీసు మొయ్యకు తిపిలీరె."

ఇల్లు చేరగానే ఆమె పొయ్యి వెలిగించింది.

చేతులు కడిగే నీళ్లు మళ్లీ వెచ్చబెడుతూ, భయం దేనికని తనను తాను అడిగింది. కొట్టడు, తిట్టడు. నవ్వుతాడు, అంతే. మా ఆవిడకి నది కలలోకొస్తుందని రేపు నలుగురిలో అంటాడు. ఆ నవ్వుకు జడిసి, ఒక నది లేచి వస్తూ ఉండగా తాను చేపల పులుసు కాచింది. తాను ఆగిన చోటల్లా ఇన్నేళ్లూ ఏం జరిగింది? మిగిలిన ఖాళీలో తన పాత తలూపులే నిండి, తనను ఒప్పుకున్నదానిలాగే చూపించాయి.

ఫోను తీసింది. పల్లపు ఊళ్ల పెద్దలందరికీ, అక్కకీ, అనుమతి అడగకుండా తన పేరుతోనే హెచ్చరిక పంపింది. జవాబు రాలేదు. వాన హోరు పెరిగింది.

చెంబు పట్టుకుని వచ్చి ఎప్పటిలా మోకాళ్ల మీద కూర్చుంది.

"మీరు తీసేసిన అక్షరం వల్ల నది సగమే కనిపించిందండీ. మిగతా సగం నిన్నటిది. ఊళ్లకి హెచ్చరిక పంపాను."

"ఎవర్నడిగి?"

"ఎవర్నీ అడగలేదు."

"మగాడు తిని చేతులు కడుగుతుంటే నది గోలేమిటే," అంది అత్తగారు.

లింబాని వేలెత్తాడు. తిపిలీరె ఆ వేలును చూసింది. అది ముగింపు కాదు, నడుమ వచ్చిన ఒక మామూలు బైటు. నీళ్లు పోస్తూనే తరువాతి మాట చెప్పింది.