ఒడిలో పడ్డ వాటా

మా బాపు రాజమల్లు వీలునామా రాయకుండానే పోయాడు. ఎవరైనా ఆ మాటెత్తితే, "రాసిపెడితే యముడు సదువుకుంట అస్తడు" అని లేచిపోయేవాడు. బోధన్ పక్కన మా ఊళ్లో అట్లా అనుకునేది ఆయనొక్కడే కాదు.

సంవత్సరీకం అయ్యాక విరాసత్ కోసం, అంటే పట్టాలో వారసుల పేర్లు ఎక్కించడానికి, నిజామాబాద్‌లో వకీలు దేవిదాస్ దగ్గరికి వెళ్లాను.

"భూమి తాతలదా, మీ బాపు కొన్నదా?" అని అడిగాడు.

"బాపే కొన్నడు. చెరుకు పండించి కొన్నడు."

"అయితే స్వార్జితం. వీలునామా లేదు గనుక వారసత్వ చట్టం ప్రకారం మీ అవ్వకు, నీకు, మీ అక్కకు సమానంగా మూడు వాటాలు." నా ముఖం చూసి నవ్వాడు. "పరేషాన్ గాకు నర్సన్నా. హక్కు వదులుకున్నట్టు అక్కతోని రాయించుకో. అందరు చేసేది గదే."

కూతురు వాటా తీసుకుంటే పుట్టింటి తొవ్వ మూసుకుపోతుందని మావైపు మాట. మోస్రాలో ఉండే గంగుబాయి అక్కకూ అదే భయం. విషయం చెప్పగానే, "సంతకం పెడ్త తమ్మీ. భూమి తీసుకొని రేపు నీ ఇంటికి ఏ మొఖం పెట్టుకొని రావాలె?" అంది. సంతోషించాను. కానీ ఆమెను మా ఊరికి తీసుకొస్తూ బస్సులో పక్కన కూర్చుని హరినామం చెప్పుకుంటుంటే మనసు నిలవలేదు. ఇద్దరినీ ఒకే కడుపున పుట్టించిన దేవుడు ఒకరికే ఈ భయం ఎందుకు పెట్టాడు?

సంతకాల కోసం కచేరీకి పోయే ముందు అక్కకు ఒడిబియ్యం పోయాలని మమ్మల్ని కన్న అవ్వ పట్టుబట్టింది. పుట్టింటివాళ్లు కొంగులో పోసే పసుపు బియ్యాన్ని కూతురు వద్దనకూడదు. వద్దంటే పుట్టింటికి మంచిది కాదు. భర్త పోయిన అవ్వ దూరంగా కూర్చుంది. నా భార్య వసంతమ్మ దోసిళ్లతో పోస్తోంది.

"ఏ మడి బియ్యమే గవి?" అని అవ్వ అడిగింది.

"మామ కొన్న కాలువ కింది మడివే అత్తమ్మా."

"మడిల పండింది పట్టిన ఒడి, మడిని పట్టదా? గంగూ, కొంగు ఇడువకు బిడ్డా. నర్సా, నువ్వు సెప్పు. అక్కను ఒడి నింపుకొమ్మంటవా, దులుపుకొమ్మంటవా?"

వసంతమ్మ చేయి ఆగింది.

"బియ్యం పొయ్యి," అన్నాను భార్యతో. "మూడు పేర్లు రాయిస్త అక్కా. ఈ ఇల్లు నీకు ఎప్పటికీ ఉంటది."

"ముందుగాల నీ పెండ్లాన్ని అడుగు," అంది అక్క కళ్లు తుడుచుకుంటూ.

"నన్నడిగేదేంది వదినె," అంటూ వసంతమ్మ మిగిలిన బియ్యం పోసింది. "మా బాపు సుత వీలునామా రాయకుండనే పోయిండు. ఎల్లుండి మోర్తాడ్ పోయి మా అన్ననడుగుత, నా పసుపు సేను ఏదని."

ఏడాదిగా నవ్వని అవ్వ పకపకా నవ్వింది.

పట్టాలో మూడు పేర్లూ ఎక్కాయి, వాటాల మధ్య గట్లు పడ్డాయి. అక్క ఇప్పుడు వారం వారం వస్తుంది. నిన్న పొలంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"తమ్మీ, గట్టు నా దిక్కు జరిగినట్టున్నదేంది?"

"బర్రెలు తొక్కినయి అక్కా."

"బర్రెలకు పార పట్టుడు ఎవలు నేర్పిండ్రు?"

గట్టు సరిచేసేదాకా ఆమె కదలలేదు. తర్వాత "పా, ఆకలైతుంది" అని నాకంటే ముందు ఇంటి దారి పట్టింది.