ఎత్తిన సారె

పెద్దవీధిలో ఎవరు చచ్చినా కుప్పమ్మ ఇంటివాళ్ల పలకలు కావాలి. జాతరకూ అవే కావాలి. అదే పలక వాళ్ల సొంత శుభకార్యానికి మాత్రం ఆ వీధిలో మోగకూడదు, వాళ్ల ఊరేగింపు గుట్టుగా చేనుగట్టు మీద పోవాలి. చంద్రగిరికి దగ్గర్లోని ఆ ఊళ్లో డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో కూడా న్యాయం అలా ఏడ్చింది.

ఆ ఏడు ఏప్రిల్ పద్నాలుగున అంబేద్కర్ పటాన్ని పెద్దవీధిలో ఊరేగించాలని ఊరి బయట కుప్పమ్మ వాళ్ల కాలనీలో అంతా అనుకున్నారు. కుప్పమ్మ మనవరాలికి చెవులు కుట్టే ముహూర్తం కూడా ఆ రోజే పడింది. కోడలి అన్న, గూడూరు రైల్వేలో పనిచేసే మునిరత్నం, మేనమామ సారెతో పొద్దున బస్సుకే దిగుతానని జాబు రాశాడు.

ముందురోజు పెద్దవీధి ఆసామి మునిరామయ్య కుప్పమ్మను పిలిపించాడు.

"కుప్పీ, నీ మనవరాలి సారె పెద్దవీధిలోనే తెచ్చుకో. పలకలు గూడా కొట్టించుకో. ఆ పటం మాత్రం బయటికి తీయొద్దు. నువ్వు సెప్తే మీవోళ్లు ఇంటారు."

కుప్పమ్మకు ఒళ్లు మండింది. బుద్ధెరిగినప్పట్నుంచీ ఇవ్వనిది ఇవాళెందుకు ఇస్తున్నాడో ఆమెకు తెలీదా? "అట్నే సామీ" అని మాత్రం అని ఇంటికొచ్చింది.

కొడుకు మునస్వామికి విషయం చెబితే సంబరపడ్డాడు. "ఒప్పుకుందామ్మా. బిడ్డ పండగ గొడవల్లేకుండా జరగనీ. పటానికి ఇంకో పొద్దు సూసుకుందాం."

"ఆయన పుట్టింది రేపయితే ఇంకో పొద్దేందిరా? మన బిడ్డ పండగ వేరే, ఆయన పండగ వేరేనా?"

తెల్లవారి మునిరత్నం ఏడు పళ్లాల సారెతో బస్సు దిగాడు. కుప్పమ్మ మొదటి పళ్లెంలో అరటిపళ్లు పక్కకు జరిపి పటం నిలబెట్టింది. దండ వేసి, పళ్లెం నెత్తికెత్తుకుని పెద్దవీధిలోకి నడిచింది. వెనక కాలనీ జనమంతా కదిలారు. పలక మోగింది.

మునిరామయ్య అరుగు దిగి అడ్డమొచ్చాడు. "నేను ఒప్పుకునింది సారెకు! దించవే కింద!"

"దించను సామీ. ఎత్తిన సారె గడప చేరేదాకా దించకూడదు. దించమన్నోళ్ల ఇంటికి అరిష్టమని మీ ఇండ్లల్లోనూ అంటారు గదా."

అరుగు మీదున్న ఆయన భార్య దేవకమ్మ గుండెలు బాదుకుంది. "మన ఇంట్లోనూ బిడ్డలుండారు, ఇట్లా రాండి!"

మునిరామయ్య మొహం కందగడ్డయింది. పక్కకైతే జరిగాడు. "పో. రేపట్నుంచి నువ్వూ నీ కొడుకూ నా మళ్లో కాలు పెట్టొద్దు."

కుప్పమ్మకు భయమేసింది. ముప్పై ఏళ్లుగా ఆ మడి కూలితోనే ఇంట్లో పొయ్యి వెలుగుతోంది. అయినా ఎత్తిన పళ్లెం ఆమె దించలేదు. బిక్కచచ్చి నిలబడిన పలకవాడి మీద విరుచుకుపడింది.

"ఆపినావేందప్పా? ఎవురన్నా సచ్చినారా? కొట్టు, గట్టిగా కొట్టు!"

ఇంటి దగ్గర పటం ముందు, మేనమామ ఒళ్లో పిల్లకు చెవులు కుట్టారు. పిల్ల ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. సంబరం సద్దుమణిగాక మునస్వామి తల్లి పక్కన కూలబడ్డాడు.

"రేపు పనికి యాడికి పోదామ్మా?"

"చంద్రగిరికైనా పోదాం, ఏర్పేడుకైనా పోదాం. యాడికి పోయినా గట్టు మీద మాత్రం పోయేది లేదురా. పెద్దవీధిలోనే పోదాం."