మాస్టారి కుడి బూటు

నేను ఒక కుడికాలి బూటును. ఎడమవాడూ ఉన్నాడు గానీ వాడికి మాటలు తక్కువ. విశాఖపట్నంలో పైడయ్య అనే ఆయన నన్ను కుట్టాడు. కుట్టించుకున్నది డెస్మండ్ మాస్టారు, గూడ్సు బండి గార్డు. డ్యూటీ దిగగానే మనిషి స్వింగ్ డాన్స్ మాస్టారైపోయేవాడు. జంటగా ఆడే ఆట అది. ఒకరు నడిపిస్తారు, ఇంకొకరు నమ్మి తిరుగుతారు. ముప్పై ఏళ్లు చెక్కనేలకి రాసుకుని నా తోలు అడుగు నున్నబడింది. ఆ నునుపే నా చదువు.

పోయిన వానాకాలం మాస్టారు కన్నుమూశారు. ఆయన పొట్టిమనిషి కావడంతో నేను ఆయన శిష్యురాలు నీలవేణి కాలికి సరిపోయాను. పళ్ల ఆసుపత్రిలో పనిచేసే ఆ పిల్లకి డాన్స్ తప్ప లోకం లేదు. ఈ ఏటి స్వింగ్ ఉత్సవంలో మొదటి పాట మాస్టారి పేరున. అందరూ చుట్టూ నిలబడతారు, మధ్యలో ఒక్క జంట. నీలవేణి నడిపించాలి, మాస్టారి భార్య ఆగ్నెస్ గారు తిరగాలి. ఆవిడకి డెబ్బై రెండేళ్లు, తుంటి ఆపరేషన్ అయి ఏడాది. డాక్టరు ఒకటే చెప్పాడట: "ఆడండి, పడకండి."

సరిగ్గా అప్పుడే నీలవేణి తల్లి సత్యవతమ్మ పుణ్యం కట్టుకుంది. ఇంత అరిగిపోయిన బూట్లతో పిల్ల జారి పడుతుందని, ముందురోజు నాకు మందపాటి రబ్బరు అడుగు వేయించింది. పిల్లకి ఓ మాట చెప్పనైనా చెప్పలేదు. ప్రేమే, కాదనను. ఇలాంటి ప్రేమ మీద ఎలా కోప్పడాలో తెలియక చస్తుంటాను.

ఉత్సవం రోజు హాల్లో నీలవేణి నన్ను తొడుక్కుని ఒక్కసారి తిరగబోయింది. నేను నేలని పట్టుకుని వదల్లేదు. మోకాలు మెలిపడింది. కాలెత్తి నా అడుగు చూసుకుంది. అంతలో మైకులో పేర్లు పిలిచారు. ఆగ్నెస్ గారు చేతికర్రని కుర్చీకి ఆనించి వచ్చి, ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు.

"ఏమే, చెయ్యి ఇంత చల్లగా ఉంది?"

"అమ్మ వీటికి రబ్బరు వేయించేసింది ఆంటీ. మధ్యలో బూటు నేలకి పట్టేస్తే మిమ్మల్ని పడేస్తాను. నావల్ల కాదు."

"ఇప్పేసెయ్."

"మాస్టారి బూట్లు ఆంటీ!"

"ముప్పై ఏళ్లు వాటిని తుడిచినదాన్ని, నాకు చెప్తావా? అవి నన్నెప్పుడూ పట్టుకోలేదే. ఆయనే పట్టుకున్నాడు. ఇప్పు."

నాకు కడుపు మండిపోయింది. నీలవేణి నన్ను కుర్చీ కిందకి నెట్టి, మేజోళ్లతోనే వెళ్లిపోయింది. పాట మొదలైంది. నాలుగడుగులు బాగానే పడ్డాయి. తర్వాత చెయ్యెత్తి గిర్రున తిప్పే ఘట్టం. ఆగ్నెస్ గారు తిరుగుతూ తిరుగుతూ ఒక పక్కకి తూలారు. చుట్టూ నిలబడ్డవాళ్లలో సత్యవతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నీలవేణి కాలు సర్రున జారి ఆవిడ పక్కకి చేరింది. వీపుకి అరచెయ్యి ఆనించి నిలబెట్టింది. లాగలేదు, బెదరలేదు, తాళం తప్పలేదు. అచ్చం మాస్టారే.

ఇన్నేళ్లూ ఆ ఆట కిందే ఉన్నాను గానీ దాన్ని ఎప్పుడూ చూడలేదు. అబ్బ, ఎంత బాగుందో! నా కోపం ఎప్పుడు చల్లారిందో నాకే తెలియదు.

పాట అయిపోయింది. చప్పట్లూ ఆగిపోయాయి. ఆగ్నెస్ గారు మాత్రం కళ్లు మూసుకునే ఉన్నారు, చెయ్యి వదల్లేదు.

"ఇంకొక్క పాట పెట్టమనవే," అన్నారు.