గుంత మగ్గం మాట

నాకు కోపం ఎక్కువని మా నాయన అంటాడు. ఆ శుక్రవారం మాత్రం భయమే ఎక్కువైంది.

హిందూపురంలో చిన్న విమానాల ఇంజన్లు విప్పి బాగుచేసే షెడ్డులో నేను మెకానిక్‌ని. ధర్మవరంలో పొద్దున రైలెక్కితే పెనుకొండ దాటేలోపు నా టిఫిన్ డబ్బా ఖాళీ. మూడేళ్లుగా నేను చేసిన పనికి వేరేవాళ్లు సంతకం పెడుతున్నారు. ఆ తర్వాతి సోమవారం నుంచి నా పనికి నేనే సంతకం పెట్టే అనుమతి రావాలి. అది మా పెద్ద మెకానిక్ ఏసుదాసు సారు చేతిలో ఉంది.

ఒక ఇంజను ప్లగ్గు తీసి, ఆ రంధ్రంలోని మరలు శుభ్రం చేస్తున్నాను. ఇత్తడి బ్రష్షు తల ఊడి సిలిండర్లోకి జారిపోయింది. ఆ చప్పుడు నాకొక్కదానికే వినిపించింది. అవతలివైపు తోటి మెకానిక్ లోకేష్ అప్పుడే షాఫ్టు తిప్పడానికి పిడి పట్టుకున్నాడు. తిప్పాడంటే పిస్టన్ పైకొచ్చి ఆ ముక్కను నలిపేస్తుంది, సిలిండరు గీరుకుపోతుంది. "ఆపు" అనాలి. నా నోట వేరే మాట వచ్చింది.

"కాలు!"

మాది గుంత మగ్గం, కాళ్లు గుంతలో పెట్టి నేస్తాం. నేసేటప్పుడు నూలు కండె గానీ కత్తెర గానీ గుంతలో పడితే మా ఇంట్లో అరిచే మాట అదే. అది వినగానే నాయన తొక్కుడు చెక్క మీద నుంచి కాలు తీసేస్తాడు. ఆ ఒక్క తొక్కుకు పోగులు తెగితే అతుక్కోవడానికి పూటంతా పడుతుంది మరి.

షెడ్డులో ఈ సంగతి ఎవరికి తెలుసు? లోకేష్ పిడి వదిలేసి, ఎగిరి గంతేసి తన బూట్లు చూసుకున్నాడు. స్టోరు చూసుకునే సంగీతక్క మందుల డబ్బాతో పరిగెత్తుకొచ్చి, నన్ను కూర్చోబెట్టి బూటు లేసు విప్పసాగింది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"కాలికేం కాలేదక్కా. బ్రష్షు తల సిలిండర్లో పడిపోయినాది. నేనే జార్చినా," అన్నాను. అంటూనే సోమవారం మీద ఆశ వదిలేసుకున్నాను.

ఏసుదాసు సారు తిట్టలేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది. ఇంజనుకు ఎర్ర చీటీ కట్టించి, ఎవరూ తాకొద్దన్నారు. ఇత్తడి అయస్కాంతానికి అంటదు కదా, అందుకని సన్నని కెమెరా దింపి, మూడు వేళ్ల పట్టకారు లోపలికి పంపాం. రెండుసార్లు చిక్కినట్టే చిక్కి జారింది. మూడోసారి నేనే బయటికి తీశాను. బ్రష్షులో ఒక్క తీగ కూడా తగ్గలేదని సారు భూతద్దం పెట్టి చూసి తేల్చారు. లోపల గీత కూడా లేదు.

అప్పుడడిగారు, ఆ "కాలు" ఏమిటని. చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు.

"పనిముట్టు అందరి చేతిలోనూ జారుతాదమ్మా. జారినప్పుడు నోరు తెరిచేటోళ్లే తక్కువ," అన్నారు. సోమవారం నా అనుమతి కాగితం నా బల్ల మీద ఉంది.

ఇంటికొచ్చి చెబితే నాయన మగ్గం మీద అటూ ఇటూ ఆడే నాడె ఆపి అంతా విన్నాడు.

"సంతకం సరే గానీ, ఆ పిల్లోడు కాలు తీసినాడా?"

"చెయ్యి తీసినాడు నాయనా."

"ఊ, పని తెలిసినోడే," అని మళ్లీ నేతలో పడ్డాడు.

ఆ గురువారం షెడ్డు ఆ మూల నుంచి "కాలు!" అని కేక వినిపించింది. లోకేష్ గొంతు. ఈసారి ఒక్కరూ బూట్లు చూసుకోలేదు. అందరి చేతులూ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.