కింది అరలు

ఇస్త్రీపెట్టె ఉండాల్సిన చోట లేదు. ఆదివారం పొద్దున్నే ఇంటిల్లిపాది బట్టలూ ముందేసుకుని కూర్చున్న మనిషికి అది చిన్న విషయం కాదు. ఆమె లేచి చెక్కబీరువా కింది అర తలుపు తీసింది. ఖాళీ. పక్క అర తీసింది. అదీ ఖాళీ. వంటింట్లోకి వెళ్ళి గట్టు కింద చూస్తే ఒక్క గిన్నె లేదు, ఒక్క డబ్బా లేదు, అద్దంలా తుడిచి ఉంది. పిల్లల పుస్తకాల అలమరలో కింది రెండు వరసలూ బోసిగా ఉన్నాయి. చెప్పులన్నీ కిటికీ గూట్లోకి ఎక్కి చాలా కాలమైంది. అత్తగారికి వంగే బాధ తప్పిందని అప్పుడు అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఇల్లాలై ఉండి ఇన్నాళ్ళూ చూసుకోలేదా అంటే, ఎక్కడ చూస్తుంది? ఏది కావాలన్నా నోట్లోంచి మాట వచ్చేలోపు కూతురు, పెద్దది, తెచ్చి చేతిలో పెట్టేది. వెతుక్కునే అవసరం రానిస్తేగా. ఇప్పుడు కూడా ఆ పదకొండేళ్ళ పిల్ల మేడ మీద బట్టలు ఆరేస్తోంది కాబట్టి, ఆమె తన ఇంటిని తనే వెతుక్కోవలసి వచ్చింది.

ఆమె నేల మీద చతికిలబడి చుట్టూ చూసింది. అప్పుడు అర్థమైంది. ఇంట్లో చేత్తో ఎత్తగలిగిన ప్రతి వస్తువూ కిటికీ అంచుకన్నా పైనే ఉంది. మూడేళ్ళ కిందట వరద నీళ్ళు వచ్చి ఆగింది సరిగ్గా అక్కడే. వాళ్ళాయన గోడ మీది ఆ నీటి మరక మీద రెండు పూతలు రంగు వేయించి, ఇంటికి వచ్చినవాళ్ళతో "ఎక్కడుందో చూపించండి చూద్దాం" అని పందెం కాసేవాడు. ఎవరూ చూపించలేకపోయారు. పెద్దదాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ రోజు ఆమె ఆసుపత్రిలో ఉంది. రక్తపరీక్షల గదిలో ఉద్యోగం. ఏటి గట్టు తెగిందని తెలిసేసరికే రోడ్డు మునిగిపోయింది. ఎవరెవరి రక్తమో నింపిన సీసాలు బుట్టల్లో పెట్టుకుని పై అంతస్తుకి మోసింది. అదే సమయంలో ఎనిమిదేళ్ళ పెద్దది నాలుగేళ్ళ తమ్ముణ్ణి అటకెక్కించి, మోకాళ్ళ నొప్పుల నానమ్మని భోజనాల బల్ల మీదికి లాగి, ఆవిడ చెయ్యి వదలకుండా మర్నాడు పడవ వచ్చేదాకా నిలబడింది. "తల్లి ఉద్యోగాలు వెలగబెడితే పిల్లల గతి ఇంతే" అని ఆడపడుచు నెలరోజులపాటు ఫోన్లో అంటూనే ఉంది. ఆయన ఆ రోజు స్నేహితుడి కొత్త షాపు చూడటానికి పక్క ఊరికి వెళ్ళాడు. ఆయన ఎక్కడున్నాడని ఇప్పటివరకూ ఒక్కరూ అడగలేదు.

ఆ తర్వాత చిన్నోడు పక్క తడిపేవాడు. ఉరిమితే గొంతు చించుకుని అరిచేవాడు. ఆమె వాణ్ణి పిల్లల మనసు చూసే డాక్టరమ్మ దగ్గరికి ఏడాదిపాటు తిప్పింది. సెలవు అడిగిన ప్రతిసారీ పై అధికారి కళ్ళజోడు తీసి, "మీ ఆయన తీసుకెళ్ళకూడదా అమ్మా?" అనేవాడు. న్యాయమైన ప్రశ్నే, కాకపోతే అడగవలసిన మనిషి వేరు. మొత్తానికి వాడు కుదుటపడ్డాడు. పెద్దది పక్క తడపలేదు, అరవలేదు. అందరి పక్కలూ దులిపేది, నీళ్ళ సీసాలు నింపేది, గ్యాసు కట్టారో లేదో మూడుసార్లు చూసేది. వచ్చినవాళ్ళకి అత్తగారు వరద కథ మొదలుపెడితే పెద్దది టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని పక్కనే నిలబడేది. "ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదమ్మా నా మనవరాలు!" అని ఆవిడ ముగించగానే వాళ్ళు గ్లాసు అందుకుంటూ, "ఏ ఇంటికి కోడలవుతుందో గానీ అదృష్టవంతులు" అనేవాళ్ళు. పోయిన నెల బడిలో మూడు రోజుల విహారయాత్రకి పేరు ఇమ్మంటే, "ఇంట్లో ఎవరు చూసుకుంటారు?" అని ఇవ్వకుండా వచ్చేసింది. ఇంటిల్లిపాదీ మురిసిపోయారు.

డాక్టరమ్మ ఒకసారి అడిగింది కూడా, "పాపని కూడా తీసుకురండి" అని. "దానికేం లేదండీ. అదే నాకు కొండంత అండ" అని ఆమె నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళు మండింది, తన మీద తనకే. తనకి తెలియదా? సగం తెలుసు. మిగతా సగం తెలుసుకుంటే చేతికి అందివచ్చిన సాయం పోతుంది. ఆసుపత్రి నుంచి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేసరికి కడిగిన వంటిల్లు, మడత పెట్టిన బట్టలు ఎవరికి చేదు? ఈ పిల్ల మానేస్తే ఆ పనంతా ఎవరి నెత్తిన పడుతుందో ఆమెకి బాగా తెలుసు. చిన్నోడి భయం ఇంట్లో అందరికీ నిద్ర లేకుండా చేసింది, అందుకని వాడికి వైద్యం దొరికింది. పెద్దదాని భయం అందరికీ సుఖంగా ఉంది.

"ఏమండీ, ఒకసారి ఇటు రండి."

ఆయన పేపరు పట్టుకునే వచ్చాడు. ఆమె అరలన్నీ తెరిచి చూపించింది. చెప్పవలసిందంతా చెప్పి, "రేపు దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తాను" అంది.

"పని చేసే పిల్లకి జబ్బేంటి?" ఆయన పెద్దగా నవ్వాడు. "అయితే మా అమ్మకి యాభై ఏళ్ళుగా జబ్బేనన్నమాట!"

మంచం మీద కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటున్న అత్తగారు తల ఎత్తలేదు.

"ఉందేమోరా" అంది. "ఎవరడిగారు గనక?"

ఆయన పేపరు మడత సరిచేసుకుని, హాల్లోకి వెళ్ళిపోయాడు. అత్తాకోడళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పన్నెండేళ్ళ కాపురంలో అది మొదటిసారి కాబోలు.

మేడ మీంచి పెద్దది ఖాళీ బుట్టతో దిగి వచ్చింది. బార్లా తెరిచి ఉన్న కింది అరలు చూసింది. గబగబా ఒక్కొక్క తలుపే మూయడం మొదలుపెట్టింది.

"ఇస్త్రీపెట్టె కావాలా అమ్మా? అటక మీద పెట్టాను. ఉండు, తీస్తాను."

"వద్దు తల్లీ. ఇలా వచ్చి కూర్చో."

"సీసాలు నింపాలి."

"నేను నింపుతాను. గ్యాసు నేను చూస్తాను, తలుపులు నేను చూస్తాను. తమ్ముణ్ణీ నానమ్మనీ కూడా నేనే చూసుకుంటాను. ఇక నుంచి నువ్వు ఏమీ చూడక్కర్లేదు."

పెద్దది తల్లిని ఎగాదిగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, లెక్కలు రాని పిల్లకి లెక్క చెప్పబోయే టీచరమ్మ ఓపిక ఉంది.

"నువ్వెలా చూస్తావమ్మా?" అంది. "ఆ రోజు నువ్వు రాలేదు కదా."

రోడ్డు మునిగిపోయిందని, ఫోన్లు పనిచేయలేదని, రెండుసార్లు నడుం లోతు నీళ్ళలోకి దిగితే పోలీసులు వెనక్కి లాగారని, చెప్పడానికి ఆమెకి ఎన్నో ఉన్నాయి. అన్నీ నిజాలే. ఆడపడుచుకి అవన్నీ వరసపెట్టి చెప్పింది. కానీ ఆడపడుచు అన్నది నింద. ఇది నింద కాదు. నీళ్ళు పెరుగుతుంటే ఎనిమిదేళ్ళ పిల్ల బల్ల మీద నిలబడి గుమ్మం వైపు చూసింది, గుమ్మంలోకి ఎవరూ రాలేదు. అంతే.

"అవును" అంది. "రాలేదు. మీ నాన్న కూడా రాలేదు. రావలసింది మేము. నీకు ఎనిమిదేళ్ళు తల్లీ. అదంతా నువ్వు చెయ్యాల్సిన పని కాదు."

పెద్దది బుట్టని గట్టిగా పొట్టకి అదుముకుంది. "నానమ్మ చెయ్యి జారిపోయిందమ్మా" అంది. "రెండుసార్లు జారిపోయింది. నేను ఎవరికీ చెప్పలేదు." ఆ తర్వాత నోరంతా తెరిచి, చిన్నపిల్లలు ఏడ్చేలా, వీధి చివరికి వినబడేలా ఏడ్చింది. ఆమె బుట్టతో సహా దాన్ని ఒళ్ళోకి లాక్కుంది. అత్తగారు మంచం దిగి, గోడ పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ వచ్చి, వాళ్ళ పక్కన నేల మీద కూలబడింది.

హాల్లోంచి ఆయన కేకేశాడు. "పొద్దున్నే ఆ గోలేంటి? ముందు దాన్ని ఊరుకోబెట్టు!"

"మూడేళ్ళుగా ఊరుకునే ఉందండీ" అంది ఆమె. "ఇక నేను ఊరుకోబెట్టను."