ఐదు వందల ఎంబీల జాగా

బంద్ రోజున ఊళ్లో అన్నీ మూతపడతాయి గానీ, ఆ సంగతి వంటింటికి ఎవరూ చెప్పరు. మామూలు రోజుల్లో కిరణ్ పాల్ రెండు ఇడ్లీలు నోట్లో కుక్కుకుని ఆఫీసుకి పరిగెత్తుతాడు. బంద్ రోజున ఇంట్లోనే ఉంటాడు. ఎక్కడెక్కడ బస్సులు ఆపేశారో టీవీలో చూస్తాడు. చూసి చూసి అతనికి ఆకలేస్తుంది. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. ఈ నెలలో అతని భార్య కరుణ రుబ్బినంత పిండి పెళ్లయిన ఆరేళ్లలో రుబ్బలేదు.

ఆ రోజు కూడా నాలుగున్నరకే లేచి ఉప్మా చేసింది, మధ్యాహ్నానికి పప్పూ చారూ కాచింది. సాయంత్రం పకోడీలకని ఉల్లిపాయలు తరిగి డబ్బాలో పెట్టి, శనగపిండి పక్కనే పెట్టింది. ఎవరికైనా కలుపుకోవాలనే ఆలోచన వస్తే అడ్డం ఏమీ ఉండకూడదని. ఆరేళ్లుగా ఆ ఆలోచన ఎవరికీ రాలేదు, అది వేరే సంగతి.

"అందరికీ బంద్ కదమ్మా, నీకు లేదా?" అన్నారు అత్తగారు ఎలిజబెత్, తెల్లవారుజాము ప్రార్థన ముగించి కళ్లు తెరుస్తూనే.

"అందరికీ పని నడవాలంటే నేను వెళ్లాలి అత్తయ్యా."

"అసలు నీ పనేంటో ఇప్పటికీ నాకు అర్థం కాదు."

కరుణ హ్యాండ్‌బ్యాగ్ వెతుకుతూ చెప్పింది. కంపెనీలో మూడు వందల మంది ఉన్నారు. వాళ్లలో ఎవరైనా ఏ కంప్యూటర్ ముందు కూర్చుని తన పేరూ పాస్‌వర్డూ కొడితే, ఆ కంప్యూటర్ వాళ్ల సొంత కంప్యూటర్ అయిపోతుంది. పెట్టుకున్న బొమ్మ, సర్దుకున్న గుర్తులు, అన్నీ వాళ్ల వెంటే వస్తాయి. దాన్ని రోమింగ్ ప్రొఫైల్ అంటారు. కాగితాలు తమ ముందున్న కంప్యూటర్లోనే ఉన్నాయని వాళ్లనుకుంటారు గానీ, అవి చప్పుడు లేకుండా మాదాపూర్‌లో సర్వర్‌కి చేరతాయి. అలా చేరేటట్టు, మళ్లీ వెనక్కొచ్చేటట్టు చూసేది కరుణ.

ఎలిజబెత్ కాసేపు ఆలోచించారు. "అంటే, మావాడు ఎక్కడ కూర్చుంటే అక్కడికి కంచం పట్టుకెళ్లి పెట్టడం లాంటిదా?"

"అంతేనండి అత్తయ్యా."

"దానికి జీతం కూడా ఇస్తారా!" అన్నారావిడ, ప్రభువు చేసే అద్భుతాల్లో ఇదొకటన్నట్టు.

కరుణ స్కూటీ తీసింది. బంద్ రోజుల కోసమని కంపెనీ నల్లగండ్లలోనే రెండంతస్తులు కిరాయికి తీసుకుంది. కరుణ ఇంటికి మూడు వీధుల అవతల. మాదాపూర్ రాలేనివాళ్లంతా అక్కడే కూర్చుంటారు, వాళ్ల డెస్క్‌టాపులు అక్కడికే వస్తాయి. ఈ ఏర్పాటు చేసింది కరుణే. సర్వర్లు మాత్రం మాదాపూర్‌లో ఉన్నాయి, వాటికి కాళ్లు లేవు. అందుకని ఆమె ఆ రెండంతస్తుల ముందు నుంచే, రోడ్ల మీద టైర్లు తగలబెట్టక ముందే, మాదాపూర్ వెళ్లాలి.

మాదాపూర్ ఆఫీసు నాలుగో అంతస్తులో రుక్కమ్మ అప్పటికే తుడుస్తోంది. బోరబండ నుంచి నడిచొచ్చింది. ఆమె కొడుకు పొద్దున్నే రాస్తారోకోకి పోయాడట.

"కొడుకు రోడ్డు బంద్ చేసె, తల్లి నడుసుకుంట వచ్చె," అంది నవ్వుతూ. "నువ్వొస్తివి, నేనొస్తిని. మనిద్దరం గూడ ఇంట్ల పంటె, గప్పుడు అయితుండె అసలు బంద్."

కరుణ కూడా బోరబండలోనే పుట్టింది, రైల్వే క్వార్టర్లలో. ఇంట్లో 'జర' అని నోరు జారితే ఎలిజబెత్ గారు "మీ తెలంగాణ భాష" అంటారు. ఆఫీసులో ఆమె అత్తింటివారి తెనాలి గురించి తెలిసినవాళ్లు "మీ ఆంధ్రావాళ్లు" అంటారు. రెండు వైపులా ఆమెను అవతలివాళ్లకే ఇచ్చేశారు, ఉద్యమం లేకుండానే.

తొమ్మిదింటికి నల్లగండ్ల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒకాయనకు తెరమీద బొమ్మ రాలేదు. ఇంకొకాయనకు వచ్చింది గానీ, కుడివైపున్న గుర్తులు ఎడమవైపుకి పోయాయి, అలా ఉంటే ఆయన పని చేయలేడు. మేనేజర్ రామ్మోహనరావుకి లాగిన్ కావడానికి నలభై నిమిషాలు పట్టింది. వాళ్లమ్మాయి ఓణీల ఫంక్షన్ ఫొటోలూ వీడియోలూ ఆయన డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి, ఆయన ఏ కుర్చీలో కూర్చుంటే ఫంక్షన్ మొత్తం ఆ కుర్చీకి రావాలి. తొమ్మిది జీబీ. మనిషికి ఐదు వందల ఎంబీల జాగా అని కరుణ ఏడాది కిందట రూల్ పెట్టింది. దాన్నుంచి పదకొండు మందికి మినహాయింపు ఉంది. వాళ్లలో మొదటి పేరు ఆయనదే.

వాళ్లందరినీ ఒక దారికి తెచ్చేసరికి రెండయింది. అప్పుడు కరుణ తన సొంత పని తీసింది. టీమ్ లీడ్ పోస్టుకి దరఖాస్తు. గడువు ఆ సాయంత్రం ఐదు. లీడ్ అయితే నల్లగండ్లలో కూర్చోవచ్చు, బంద్ రోజున మాదాపూర్‌కి ఇంకొకర్ని పంపవచ్చు. ఇవన్నీ ఒక ఎత్తు, లీడ్ బల్లకుండే తాళం పడే సొరుగు ఒక ఎత్తు. కరుణకి సొంత సొరుగు లేదు. ఆఫీసులో ఆమె బల్ల మీద పాడైన కీబోర్డులుంటాయి. ఇంట్లో ఆమె సర్టిఫికెట్లు ఎలిజబెత్ గారి మంచం కింద పెట్టెలో, క్రిస్మస్ తోరణాల కిందుంటాయి. వాటిని స్కాన్ చేయించడానికి కావాలని వారం కిందట ఆ పెట్టె తీస్తే, "ఇప్పుడెందుకవి?" అని ముగ్గురు అడిగారు. ఇంట్లో ఆమె కాక ఉన్నది ఇద్దరే. మూడో మనిషి పక్కింటావిడ.

వారం రోజులు భోజనం టైములో నింపిన ఫారం, సర్టిఫికెట్లతో కలిపి ఆరు ఎంబీలు. సేవ్ నొక్కింది. జాగా లేదంది కంప్యూటర్.

కరుణ తన ఐదు వందల ఎంబీల్లో ఏమున్నాయో చూసుకుంది. 'ఇల్లు' అని ఒక ఫోల్డరు. మూడేళ్ల కిందట ఇంట్లో కంప్యూటర్‌కి వైరస్ పడితే, "మీ ఆఫీసు సర్వర్ భద్రం కదా, అందులో పెట్టు" అన్నాడు కిరణ్ పాల్. రెజ్యూమెలు పదిహేడు. ఒకటి ఫైనల్, ఒకటి ఫైనల్ రెండు, ఒకటి అసలు ఫైనల్. తర్వాత నార్సింగి ప్లాటు ఫొటోలు. రాష్ట్రం గురించి టీవీలో ఎవరేమన్నా, అతను మర్నాడే వెళ్లి ప్లాటుని నాలుగు మూలల నుంచీ ఫొటో తీస్తాడు, అది ఇంకా అక్కడే ఉందని రుజువుకి. ఆ తర్వాత చర్చిలో క్రిస్మస్ పాటల వీడియో. మూడు వందల ఎంబీ. అందులో ఎలిజబెత్ గారు వెనక వరసలో నాలుగు సెకన్లు కనబడతారు.

భర్తకి ఫోన్ చేసింది. "ఏమండీ, మీ ఫోల్డర్లో ఏదన్నా తీసెయ్యనా? నా దరఖాస్తుకి జాగా చాలట్లేదు. పెన్‌డ్రైవ్ మీ బ్యాగులోనే ఉండిపోయింది."

"ఏది తీస్తావు?"

"పాటల వీడియో?"

"అమ్మా, నీ వీడియో తీసేస్తుందట!"

"ప్రభువు పాటలమ్మా అవి!" అని వెనకనుంచి వినబడింది.

"పోనీ రెజ్యూమెలు?"

"ఒక్కో కంపెనీకి ఒక్కోటి. అన్నీ కావాలి."

"ప్లాటు ఫొటోలు?"

"రేపు ఏదన్నా గొడవైతే సాక్ష్యం అవే కదా కరుణా! నీవేవన్నా ఉంటే తీసెయ్."

"నాది ఈ ఒక్కటేనండీ."

"ఒక్కటేగా మరి. తీసెయ్యడం సులువు." పెట్టేసేముందు అడిగాడు. "పకోడీ పిండిలో ఉప్పు వేశావా?"

ఆమె తన జాగా తనే పెంచుకోవచ్చు. పెంచితే మేనేజర్‌కి వెంటనే మెయిల్ వెళ్తుంది. ఎవరూ దొంగతనంగా పెంచుకోకుండా ఆ ఏర్పాటు చేసింది కూడా కరుణే, శ్రద్ధగా, ఒక ఆదివారం వచ్చి. రామ్మోహనరావుకి ఫోన్ చేసి పది ఎంబీలు అడిగింది.

"అమ్మా కరుణా, రూల్ పెట్టింది నువ్వే కదా. నువ్వే తప్పితే రేపు అందరూ అడుగుతారు."

"మీకు తొమ్మిది జీబీ ఉంది సార్."

"అది వేరమ్మా, అమ్మాయి ఫంక్షన్. అయినా నీ జాగాలో అంతంత ఏం పెట్టుకున్నావు?"

మా ఆయన ప్లాటు సార్, అనలేదు. ఇంటి సామాను ఆఫీసు సర్వర్లో పెట్టకూడదన్న రూలు కూడా ఆమె రాసిందే. "చూసుకుంటాను సార్," అని పెట్టేసింది.

చెత్తబుట్ట ఖాళీ చేయడానికి వచ్చిన రుక్కమ్మ ఆగింది. "ఏందమ్మా, గింత పరేషాన్‌గ ఉన్నవ్?"

"జాగా చాలట్లేదు రుక్కమ్మా."

"ఎవలయి ఉన్నయి అండ్ల?"

"మా ఆయనవి. మా అత్తవి."

"నీయి?"

"ఒక్క కాగితం పెట్టాలె," అంది కరుణ. ఇంట్లో నొక్కి పెట్టుకునే యాస దానంతటదే వచ్చేసింది.

"మా ఇంట్ల గూడ గంతేనమ్మా. ఒకటే అర్ర. మా ఆయన మంచం అండ్లనే, కొడుకు బండి అండ్లనే. బండి బయట వెడితె ఎత్కపోతరంట. నన్నెవడు ఎత్కపోతడు? గడప కాడ పంట." చెత్త సంచీ మూతి ముడేసి, వెళ్లిపోయింది.

నాలుగు దాటింది. కరుణ 'ఇల్లు' ఫోల్డర్ మీద బాణం పెట్టి డిలీట్ నొక్కింది. ఖాయమేనా అని అడిగింది కంప్యూటర్. ఆ ప్రశ్న అది అందర్నీ అడుగుతుంది. అయినా కరుణ చాలాసేపు దాన్ని చదువుతూ కూర్చుంది. పెళ్లికి ముందు, ఇల్లు మారేముందు, ఉద్యోగం మారేముందు తననెవరన్నా ఆ మాట అడిగారేమో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. తర్వాత అవును నొక్కింది. నాలుగు వందల తొంభై ఆరు ఎంబీలు పోవడానికి పదకొండు సెకన్లు పట్టింది. దరఖాస్తు సేవ్ అయింది. నాలుగూ నలభైకి పంపింది.

నాలుగూ యాభై ఐదుకి రామ్మోహనరావు నుంచి జవాబొచ్చింది. "దరఖాస్తు చాలా బాగుంది. లీడ్‌గా సాయిచంద్‌ని పోయిన వారమే అనుకున్నాం. గడువు దాకా దరఖాస్తులు తీసుకోవాలని రూల్ కాబట్టి తీసుకున్నాం. సర్వర్ల దగ్గర నీలాంటి నమ్మకమైన మనిషి ఉండాలమ్మా. బంద్ అయినా వస్తావు, అదే నీ బలం. సాయిచంద్‌కి ఇవాళే జాగా పెంచు, లిమిట్ లేకుండా."

ఆమె టీమ్‌లోనే ఉన్న సాయిచంద్ ఆ నెలలో నాలుగే రోజులొచ్చాడు. కరుణ అతనికి జాగా పెంచింది. మేనేజర్‌కి మెయిల్ వెళ్లింది. సర్వర్ రూమ్ తలుపు రెండుసార్లు లాగి చూసి, స్కూటీ తీసింది.

ఇంటికొచ్చేసరికి శనగపిండి పెట్టినచోటే ఉంది. ఉల్లిపాయలు నల్లబడ్డాయి. చెంగు బిగించి పిండి కలుపుతుంటే కిరణ్ పాల్ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

"రేపొద్దున నా రెజ్యూమె మెయిల్ కొట్టు. అసలు ఫైనల్ ఉంది చూడు, అది."

"లేదండీ. 'ఇల్లు' ఫోల్డర్ పోయింది."

"పోవడమేంటి? అంతానా? ఫొటోలూ?"

"అన్నీ."

ఎలిజబెత్ గారు హాల్లోంచి "నా పాటలమ్మా?" అన్నారు. గొంతు నిజంగానే వణికింది. కరుణకి ఒక్క క్షణం నూనె కాగడం కనబడలేదు.

"రోజంతా కూర్చుని చూసేది అవే కదా!" అన్నాడు కిరణ్ పాల్. "మూడు వందల మందివి చూస్తావు, మనింటివి నాలుగు ఫైళ్లు చూసుకోలేవు. ఇక నువ్వు చేసే ఉద్యోగమేంటి? పోనీ వెనక్కి తెప్పించలేవా? ఏదో ఒక దారి ఉంటుందిగా?"

సర్వర్లో ఉన్నదంతా ప్రతి రోజూ ఒక టేపు మీదికి నకలుగా ఎక్కుతుంది. నిన్నటి టేపులో పదిహేడు రెజ్యూమెలూ ఉన్నాయి, ప్లాటుకి నాలుగు మూలలూ ఉన్నాయి, వెనక వరసలో నాలుగు సెకన్లూ ఉన్నాయి. వెనక్కి తేవడం ఇరవై నిమిషాల పని.

"దారి లేదండీ," అంది కరుణ, మొదటి వాయి నూనెలో వేస్తూ.

అతను తిట్టాడు. ఎప్పుడూ తిట్టేవే. ఆమె ఎప్పటిలాగే విని, పకోడీలు ప్లేటులో వేసి అతను కూర్చున్న చోటికి పట్టుకెళ్లి పెట్టింది. ఉప్పు తక్కువైందన్నాడు. ఉప్పు తెచ్చింది.

టేపు ముప్పై రోజులుంటుంది. ఆ తర్వాత పాతది చెరిపి దాని మీదే కొత్తది ఎక్కిస్తారు. ఎక్కించేది కరుణే.